సంతకం పెట్టిన చెల్లెలు

అక్కని అడగకుండా ఆ చెల్లెలు యాభై ఏళ్ళలో ఒక్క పనే చేసింది. అదీ అక్కకి స్పృహ లేనప్పుడు.

అక్క బడిలో డ్రిల్లు టీచరు. పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలు కార్లకీ బస్సులకీ సీటు కవర్లు కుట్టే కొట్టులో మిషను తొక్కుతుంది. భర్త పోయాక అక్క ఉండే రెండు గదుల ఇంటికే వచ్చేసింది. ఆ ఇంట్లో కిటికీ ఎప్పుడు తెరవాలో, ఏ చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళాలో అన్నీ అక్కే చెప్పేది. చెల్లెలు లోలోపల సణుక్కుంటూ అలాగే చేసేది.

ఒకరోజు పొద్దున్న మైదానంలో పిల్లల్ని వరసల్లో నిలబెడుతుంటే అక్క నోట్లోంచి ఈల జారింది. మళ్ళీ పెట్టుకుంటే మళ్ళీ జారింది. మూతి ఓ పక్కకి పోయింది. అయినా ఊరుకోకుండా వెనక వరసని తిట్టబోయింది. మాట ముద్దముద్దగా రావడంతో, ఆటపట్టిస్తోందనుకుని పిల్లలు నవ్వారు. ఆ నవ్వు ఆగేలోపే కూలబడిపోయింది.

మెదడుకి కుడివైపు వెళ్ళే పెద్ద రక్తనాళం మూసుకుపోయిందన్నారు ఆస్పత్రిలో. మొదటిరోజు అక్క మాట్లాడుతూనే ఉంది. "నువ్విక్కడ కూర్చుని ఏం చేస్తావ్? పనికి పో" అని కసిరింది కూడా. రెండోరోజు పొద్దున్న ఎంత పిలిచినా సరిగ్గా కళ్ళు తెరవలేదు. మధ్యాహ్నానికి ఆపరేషన్ చేసే డాక్టరమ్మ వచ్చి చెల్లెల్ని పక్కకి పిలిచింది.

"మెదడు వాచిందమ్మా. చుట్టూ పుర్రె ఉంది కదా, ఆ వాపుకి చోటు లేదు. కుడివైపు ఎముక ముక్క ఒకటి తీసేస్తే చోటు దొరుకుతుంది. వాపు తగ్గాక మళ్ళీ పెడతాం."

"తీస్తే బాగైపోతుందా?"

"ప్రాణం నిలవచ్చు. ఎడమ చెయ్యీ కాలూ మునుపటిలా వస్తాయని మాత్రం చెప్పలేను. ఆవిడ ఇలాంటివాటి గురించి ఎప్పుడైనా ఏమైనా అన్నారా? మీరు త్వరగా చెప్పాలి."

"నాకేం తెలుసండీ, మా అక్కనే అడగండి" అనేసింది చెల్లెలు. అన్నాక తనకే సిగ్గేసింది. కాగితం తీసుకుని సంతకం పెట్టింది.

అక్క బతికింది. నెల దాటాక ఇంటికి తీసుకొచ్చేసరికి తలకి కుడివైపు అరచెయ్యంత మేర లోపలికి గుంటపడి ఉంది. ఎముక ముక్క ఆస్పత్రి ఫ్రీజర్లో ఉంది. ఆ పక్కకి తిరిగి పడుకోకూడదు, తలకి దెబ్బ తగలకూడదు, లేచినప్పుడల్లా హెల్మెట్ పెట్టుకోవాలి. ఈ మూడు ముక్కలూ చెప్పి చెప్పి చెల్లెలి తల ప్రాణం తోకకొచ్చింది.

అక్కకి ఎడమవైపన్నది ఒకటుందనే ధ్యాస పోయింది. కంచంలో కుడివైపున్న అన్నమే తిని, "ఇంతే పెట్టావేం?" అని గొడవ పడేది. చెల్లెలు కంచాన్ని అటు తిప్పితే, "ఇదెక్కడ దాచావ్?" అనేది. "ఎడమ చెయ్యి ఎత్తక్కా" అంటే, "ఎత్తాను కదా, కళ్ళు కనపడటం లేదా?" అని ఎదురు తిట్టేది. చెయ్యి మాత్రం ఒళ్ళో పెట్టింది పెట్టినట్టే ఉండేది. డాక్టరమ్మని అడిగితే అదీ జబ్బులో భాగమేనంది. జబ్బులో ఎంతో, అక్క మొండితనంలో ఎంతో చెల్లెలికి తేలేది కాదు.

హెల్మెట్‌ని రోజుకి నాలుగుసార్లు విసిరికొట్టేది. ఉక్క, బరువు, దురద. చివరికి చెల్లెలు కొట్టులో మిగిలిన స్పాంజి తెచ్చి, లోపల మెత్తటి గుడ్డ వేసి, పైన రెక్సిన్‌తో ఓ టోపీ కుట్టింది. డాక్టరమ్మ దాన్ని నొక్కి చూసి, ఇంట్లో మంచం మీద కూర్చున్నప్పుడు వాడుకోమంది, నడిచేటప్పుడు మాత్రం హెల్మెట్టే అంది.

"ఇది బస్సు సీటులా ఉంది" అంది అక్క.

"బస్సు సీటేనే. మూడేళ్ళు గ్యారంటీ."

రెండోనెల్లో మెల్లగా ఎడమవైపు అక్కకి ఎరుకలోకి రావడం మొదలైంది. చెయ్యి కదలడం లేదని తెలిసింది. ఆ మధ్యాహ్నం చెల్లెలు బిగుసుకున్న ఆ వేళ్ళు పట్టి విడదీస్తుంటే ఉన్నట్టుండి అడిగింది.

"ఎవరు పెట్టమన్నారే సంతకం?"

చెల్లెలు ఇంకో వేలు పట్టుకుంది.

"ఇలా పడుండటానికా? నన్నొక మాట అడిగావా?"

"అడుగుదామనే చూశాను! కళ్ళు తెరిస్తే కదా! యాభై ఏళ్ళు నోరు మూసుకున్నదానివి కాదు, సరిగ్గా ఆ పూటే మూసుకున్నావ్!"

పక్కింటావిడని కాసేపు చూస్తుండమని చెప్పి విసురుగా కొట్టుకి పోయింది. కుడి సీటు కవరుకి ఎడమ సీటు అంచు కలిపి కుట్టేసింది. యజమాని చూసి, "ఇవాళ్టికి ఇంటికెళ్ళమ్మా" అన్నాడు.

వచ్చేసరికి పక్కింటావిడ పాలు దించడానికి తన ఇంటికి వెళ్ళి ఉంది. అక్క గది మధ్యలో నేల మీద కూర్చుని ఉంది. తనంతట తానే లేవబోయి, మంచం పట్టుకుని జారిందట. హెల్మెట్ వంకరగా తలమీదే ఉంది. ఒంటిచేత్తో తానే పెట్టుకుంది. చెల్లెలికి కోపం, భయం, ఏడుపు కలిసే వచ్చాయి.

"చద్దామనున్నదానివి హెల్మెట్ దేనికి పెట్టుకున్నావ్?"

అక్క కుడిచేత్తో హెల్మెట్ సరిచేసుకుంది. "దెబ్బ తగిలితే మళ్ళీ నీ చేతే సంతకం పెట్టిస్తారుగా" అంది. తర్వాత, "లేపు ముందు, నడుం పోతోంది" అంది.

నాలుగోనెల్లో ఎముక తిరిగి పెట్టారు. జుట్టు పెరిగాక కుట్ల గీత కనపడటం మానేసింది. అక్క ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తుంది. ఎడమ వేళ్ళు పూర్తిగా విచ్చుకోవు. బడిలో మైదానం పక్కన కుర్చీ వేశారు. అక్కణ్ణుంచి అరుస్తుంది, కొత్త డ్రిల్లు టీచరు పరిగెడతాడు. సంతకం మాట అక్క మళ్ళీ ఎత్తలేదు. మంచిపని చేశావనీ అనలేదు. దానికి చెల్లెలు ఇప్పటికీ ఉడుక్కుంటుంది.

మొన్న చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ, "ఎలా ఉన్నారు?" అని అడిగింది.

"నాకేం, బాగానే ఉన్నాను" అంది అక్క. "మా చెల్లికే ఓపిక తగ్గిపోతోంది. దానికేమైనా మందుంటే రాయండి."