ఈత రాకుండా దూకిన రోజు

నేను ఏ పనికైనా ముందు నాలుగు రకాలుగా ఆలోచిస్తాను. చెప్పులు కొనాలన్నా రెండు రోజులు పడుతుంది. అలాంటివాడిని, మొన్నటి వానాకాలం బీర్కూర్ నుంచి బాన్సువాడకు బండి మీద వస్తూ కాలువలో దూకాను.

గట్టు మీద ఒక అవ్వ మేకలు కాస్తోంది. నా కళ్లముందే ఓ మేకపిల్ల జారి నీళ్లలో పడింది. బండి ఎప్పుడు ఆపానో, ఎప్పుడు దూకానో నాకే తెలియదు. మేకపిల్లను పట్టుకున్నాకే, నాకు ఈత రాదన్న సంగతి గుర్తొచ్చింది. అంతే, భయంతో కాళ్లు కొట్టుకుంటూ మునగసాగాను.

"లేసి నిలబడు బిడ్డా, నడుము దాంక గూడ లేవు నీళ్లు," అంది అవ్వ గట్టు మీది నుంచి.

నిలబడ్డాను. నిజమే.

మేకపిల్లను అందుకుంటూ, "ఈత రాకపాయె, మరెందుకు దూకినవ్?" అని అడిగింది.

"తెల్వదు అవ్వా. ఆలోచన జేస్తే దూకకపోదును."

"మంచిగనే జేసినవ్ తియ్. నువ్వు ఆలోచన జేసేలోపల గిది కొట్టుకపోతుండె."

తడిబట్టలతో ఇల్లు చేరేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను. నా గురించి నాకే కొత్త సంగతి తెలిసినందుకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఆ ఆదివారం నుంచే ఈత నేర్చుకోవడం మొదలుపెట్టాను.