కనకాంబరం కుండీలో నీళ్లు

మా చిన్నది గ్లాసు వంచి కనకాంబరం కుండీలో నీళ్లు పోస్తుంటే వంటింటి గుమ్మంలోంచి చూశాను. బడికి వెళ్లే ముందు తాగమని నేనిచ్చిన నీళ్లే అవి. ఆ జూన్‌లోనే దాన్ని ఒకటో తరగతిలో చేర్పించాం.

"ఎందుకు పారబోస్తున్నవ్ బిడ్డా?"

"అక్క గూడ పోస్తదమ్మా," అంది, తప్పేముందన్నట్టు. "తాగితే ఒంటికి వస్తది. బళ్లె ఏడికి పోవాలె?"

పెద్దది, నాలుగో తరగతి, అప్పటికే సంచి తగిలించుకుని వాకిట్లో నిలబడి ఉంది. నా వైపు చూడలేదు.

ఆ వానాకాలం మా కనకాంబరం ఎన్నడూ లేనంతగా పూసింది. నా చేతి చలువ అనుకున్నాను. రోజూ కోసి, మాల కట్టి, ఇద్దరి జడల్లో పెట్టి పంపాను.

పెద్దది కొన్నాళ్లుగా కడుపునొప్పి అంటోంది. అజీర్తి అనుకుని వాము నమిలిస్తూ వచ్చాను. ఆ రోజు బడి నుంచి రాగానే పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే, ఒంటికి పోతే మంట అని ఏడ్చేసింది. ఒళ్లు కాలుతోంది. దవాఖానకు తీసుకుపోయాను.

"మూత్రంలో చీము ఉంది," అంది డాక్టరమ్మ. "ఇట్లనే ఆపుకుంటుంటే కిడ్నీల దాక పోతది. నీళ్లు బాగ తాగియ్యి."

"బడిలో వసతి లేదు మేడం."

ఆమె రాస్తున్న చీటీ మీంచి తలెత్తలేదు. "అది మీరే చూసుకోవాలమ్మా."

మర్నాడు బడికి వెళితే పెద్దదాని టీచర్ ఎదురొచ్చి మురిసిపోయింది. "మీ బిడ్డ బంగారం. పొద్దుగాల కూసుంటే సాయంత్రం దాక జాగలకెల్లి లేవది." తలూపి, బడి చుట్టూ తిరిగి చూశాను. బడి వెనక ఆడపిల్లల మరుగుదొడ్డి గది ఉంది కానీ దాని నిండా విరిగిన బెంచీలు. మగపిల్లలకు గోడ ఉంది. ఇళ్లు దగ్గరున్న ఆడపిల్లలు ఇంటికి పరుగెత్తి వస్తారు. మా ఇల్లు రైలు గేటు అవతల.

"ఆ బెంచీలు ముట్టుకునే హుకుం నాకు లేదమ్మా," అన్నారు హెడ్మాస్టరు. "పైకెల్లి రావాలె. జర ఓపిక పట్టండి."

ఇంకో బడికి పోయాను. అక్కడ గదే లేదు. గది ఉన్న బడిలో సీటు లేదు.

ఆదివారం మధ్యాహ్నం అన్నాల దగ్గర చెప్పాను, ఇద్దరికీ ఇంట్లోనే చదువు చెప్తానని. మా ఆయన నెక్కొండ స్టేషన్‌లో గుమాస్తా. చీకటితో రైలెక్కితే మళ్లీ చీకటి పడ్డాకే ఇంటికి. ఆదివారాలే మా మాటలకు దొరికేవి.

"మనోళ్లల్ల ఎవరన్న చేసిండ్రా ఇట్ల?" అన్నాడు.

"చెయ్యలే."

"మరి పరీక్షలు?"

"ఏడో తరగతిది ప్రైవేటుగ రాయొచ్చంటున్నరు."

"నీ ఇష్టం. రేపు పిల్లలు ఎనకబడితే మాత్రం నన్ననకు."

అత్తమ్మ చారు వడ్డిస్తూ ఆగింది. "గిందుకే బడి మానుతరా? నాట్లకు పోయి పొద్దుందాక ఆపుకోలేదా మేం? సచ్చిపోయినమా?"

ప్రతి ఎండాకాలం ఆమె ధనియాలు నానబెట్టుకుని ఆ నీళ్లు తాగుతుంది, మంట అంటూ. అది ఎప్పటి మంటో నేనెన్నడూ అడగలేదు. హనుమకొండలో డిగ్రీ చదివినన్నాళ్లూ నేనూ పొద్దున ఒక్క గుక్కతో బయల్దేరేదాన్ని. నా పక్కన కూర్చున్నవాళ్లూ అంతే అయి ఉంటారు. ఒక్కరోజు కూడా ఒకరికొకరం చెప్పుకోలేదు.

సాయంత్రం పక్కింటామె అరుగు మీద కూర్చుని రాట్నంతో కండెలు చుడుతుంటే వెళ్లి కూర్చున్నాను. ఆమె కూతురిదీ మా పెద్దదాని తరగతే.

"మా పిల్ల గూడ తాగది అక్కా," అంది రాట్నం ఆపకుండా. "ఎవ్వల పిల్ల తాగుతది?"

"మరి నీ బిడ్డను గూడ పంపు. ముగ్గురికి చెప్త."

"అమ్మో, మా ఆయన ఊకుంటడా!" అని నవ్వింది. "డిగ్రీ సదివినవ్, నీకేం ఫికర్. ఇగ నువ్వే హెడ్మాస్టరు, నువ్వే చప్రాసి. గంట గూడ నువ్వే కొట్టుకో."

నేనూ నవ్వాను. లేచి ఇంటికి వచ్చాను. అందరికీ తెలిసిన సంగతిని పట్టుకుని నేనొక్కదాన్నే వేరుగా నిలబడ్డాను. నేను తప్పు చేస్తే ఆ తప్పు ఇద్దరు పిల్లల బతుకులో మిగులుతుంది. అవునని గానీ కాదని గానీ గట్టిగా చెప్పేవాళ్లు ఒక్కరుంటే బాగుండుననిపించింది. అందరూ నిద్రపోయాక ఇలా కాగితాలు ముందేసుకుని రాసుకునే అలవాటు నాకు ఆ రోజుల్లోనే పట్టుకుంది.

సోమవారం పొద్దున వీధి పిల్లలంతా గోల చేస్తూ బడికి వెళ్లిపోయారు. తర్వాత వీధి ఖాళీ. చిన్నది గడప మీద నిలబడి వాళ్లు మలుపు తిరిగేదాకా చూసింది. నేను చాప పరిచి, పలక, పుస్తకాలు పెట్టి, ఇద్దరి ముందూ చెరో నిండు గ్లాసు ఉంచాను. పెద్దది గ్లాసు చేతిలోకి తీసుకుని, అలవాటుగా కుండీ వైపు చూసింది.

"తాగుండ్రి బిడ్డా, మొత్తం తాగుండ్రి," అన్నాను. "ఈ బళ్లె ఎప్పుడు లేవాలనిపిస్తే అప్పుడు లేసి పోవచ్చు. ఎవ్వర్ని అడగొద్దు, నన్ను గూడ."