లాడ్ బజార్‌లో మా ఎద్దు కొలత

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే అది చేసుకుంటూనే వినండి; చిక్కుడుకాయ ఈనెలు తీయడానికి చెవులు అక్కరలేదు కదా. ఆ రోజుల్లో మా దేవరుప్పుల దిక్కు పల్లెలకు పట్నం అంటే హైదరాబాదు ఒక్కటే. (జనగామకు పోతే జనగామకు పోయినట్టే, అది పట్నం కింద లెక్కకు రాదు.) పట్నం చూసి వచ్చినవాళ్లు ఏది చెబితే అదే నిజం, చూడనివాళ్లం నోరు తెరుచుకుని వినడమే. తెలంగాణ కావాలని పిల్లలు బడులు విడిచి రోడ్లెక్కిన మొదటిసారి అది. ఏ పూట దుకాణాలు మూస్తారో, ఏ పూట రైలు ఆగిపోతుందో ఎవరికీ తెలియదు. సరిగ్గా అప్పుడే మా అక్క లగ్గం కుదిరింది.

మా అక్క నోరు తెరిచి ఏదీ అడిగే మనిషి కాదు. కానీ మా ఊరికి కోడలుగా వచ్చిన ఒక పట్నం పిల్ల చేతికి అద్దాలు పొదిగిన పచ్చ లక్క గాజులు చూసినప్పటి నుంచి, అవి వేసుకుని పెండ్లి పీటల మీద కూర్చోవాలని ఒకటే ఆశ. అది కూడా బాపును చూసి అడగలేదు, గోడను చూసి అడిగింది. పట్నం పేరెత్తితేనే జంకే బాపు, "గవి యాడ దొరుకుతయే?" అని మా మేనత్తను అడిగాడు. మేనత్త ఒకసారి పట్నం చూసి వచ్చిన మనిషి, అందుకని మా ఇంట్లో ఆమెదే రాజ్యం. "లాడ్ బజార్ల, అన్నా" అన్నది. ఆ మాటతో బాపు ముఖం వెలిగిపోయింది. "అయితె నేనే వస్త పా" అన్నాడు. ఆ వెలుగు ఎందుకో మాకు అప్పుడు తెలియలేదు.

లగ్గం పెట్టుకున్నాక పిల్ల పొలిమేర దాటొద్దు, చేతి గాజు తీయొద్దు. అందుకని మేనత్త అక్క చేతికి దారం చుట్టి, కొలత తెంపి బాపు చేతికిచ్చింది. బాపు దాన్ని రొండిన దోపుకున్నాడు. బాపు, మేనత్త, వాళ్ల వెంట చిన్నపిల్లనైన నేనూ బయలుదేరేటప్పుడు అక్క గడప దగ్గర నిలబడి, "దొరకకపోతె మట్టిగాజులైనా మంచిదే బాపూ" అన్నది. ఆ 'మంచిదే' ఎట్లా పలికిందంటే, లక్క గాజులు లేకుండా ఇంటికి రావడానికి మాకు ముఖం ఉండదనిపించింది.

చార్మినార్ పక్క సందులోకి తిరగగానే నేను నడవడం మరిచిపోయాను. ఇటు అద్దాలు, అటు అద్దాలు, నడుమ అత్తరు వాసన, టాంగాల గంటలు. బాపు మాత్రం గాజుల వంక చూడకుండా ప్రతి దుకాణం మూలమూలలకు తొంగిచూస్తున్నాడు. చివరికి ఒక ముసలి సాయబు దుకాణం ముందు ఆగి అడిగేశాడు.

"లాడాలున్నయా సాయబూ?"

"గిది లాడ్ బజారే కద పెద్దాయన. ఎవరికి గావాలె?"

"మా రామునికి."

"పెండ్లికొడుకా?"

"పెండ్లేంది సాయబూ, నాలుగేండ్ల సంది దున్నుతుండు."

సాయబు చేతిలోని గాజును మెల్లగా కింద పెట్టాడు. "ఎన్ని?"

"కాలికి రెండు. నాలుగు కాళ్లకు ఎనిమిది."

మేనత్త తలకొట్టుకుంది. "ఎద్దుకు సాయబూ, ఎద్దుకు! గిందుకా అన్నా నువ్వు ఎగిరి రైలెక్కింది? లాడ్ బజార్ అంటె ఎడ్ల లాడాల బజార్ కాదే!"

(మా రాముడు లాడం ఊడి కుంటుతున్నాడు. ఊరంత బజారే లాడాల కోసం ఉండగా జనగామ కమ్మరి దగ్గరికి ఎందుకని బాపు లెక్క.)

సాయబు కండ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "లాడ్ అంటె ముద్దు, పెద్దాయన. బిడ్డను లాడ్ చేస్తం జూడు, గది."

"ముద్దును గూడ అమ్ముకుంటున్రా గీ పట్నంల?" అన్నాడు బాపు, తన తప్పు ఒప్పుకోకుండా.

సరే, కొలత ఇమ్మన్నాడు సాయబు. బాపు రొండి నుంచి దారం తీసి ఇచ్చాడు. సాయబు దాన్ని చుట్టి చూసి, "గిది నీ బిడ్డ చెయ్యా, రోలా?" అన్నాడు. అది లాడాల కోసమని బాపు తెచ్చిన రాముడి గిట్ట కొలత! అక్క కొలత ఏదని అడిగితే బాపు తన పాదాల వంక చూశాడు. రైలు దిగేటప్పుడు చెప్పు తెగితే, చేతికి అందిన దారంతో కట్టుకున్నాడు. అది అప్పటికి నాలుగు పోగులై దుమ్ములో ఈడ్చుకుపోతోంది.

"బిడ్డ చేతి కొల్త తెచ్చి కాలికి కడ్తివా అన్నా!" అని మేనత్త అంటుండగానే సందు చివర నినాదాలు లేచాయి. దుకాణాల తలుపులు దడదడా మూసుకోసాగాయి. సాయబు ఒక రెక్క మూసి, "జల్దీ చెప్పు, ఎంతుంటది?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అక్క గడప దగ్గర నిలబడ్డ తీరే కండ్లలో మెదిలింది.

బాపు బొటనవేలిని నడిమివేలితో కలిపి సున్నాలాగా చేశాడు. "గింత. చేన్లకు పోయేటప్పుడు ఒర్రె నీళ్లకాడ దాని చెయ్యి పట్టుకొని దాటిస్త. వేలుకు వేలు గిట్లనే తాకుతది."

సాయబు నవ్వలేదు. నా చేతిని ఆ సున్నాలో పెట్టి చూశాడు. వదులుగా ఉంది. "దీనికంటె ఒక సైజు పెద్దది" అని పచ్చ గాజుల కోసం లోపలికి వంగాడు. అప్పుడే ఊరేగింపు మా ముందుకొచ్చి "జై తెలంగాణ" అన్నది. బాపు ఆగగలడా? చెయ్యి పైకెత్తాడు. "పిడికిలి ముడువకు అన్నా, కొల్త పోతది!" అని మేనత్త అరిచింది. పాపం, బాపు ఆ సున్నానే ఎత్తి పట్టి "జై" అన్నాడు. గుంపులో ఒక పిల్లగాడు అదేదో ఉద్యమంలో కొత్త గుర్తనుకుని తానూ వేళ్లు కలిపి ఎత్తాడు. వాడి పక్కవాడూ ఎత్తాడు. సందు దాటేదాకా ఆ సున్నాలు ఊగుతూనే పోయాయి.

అక్క చేతికి ఆ గాజులు నూనె చుక్క లేకుండా ఎక్కాయి. రాముడికి జనగామ కమ్మరే లాడాలు కొట్టాడు. మొన్న అక్క మనవరాలి పెండ్లికి మేమిద్దరం మళ్లీ అదే సందుకు పోయాం. మోకాళ్ల నొప్పులతో మూలుగుతూనే అక్క ఒక దుకాణంలోకి తొంగిచూసి, "లాడాలున్నయా బిడ్డా?" అని అడిగింది. ఆ పిల్లవాడు అయోమయంగా చూస్తుంటే మేమిద్దరం గోడ పట్టుకుని నవ్వాం. ఇంటికొచ్చాక నా చేతిని నేనే బొటనవేలూ నడిమివేలూ కలిపి కొలుచుకున్నాను. వేలికి వేలు అందలేదు. బాపు ఉంటే, "నీ కొల్తకు రాముని దారమే సరిపోతది" అనేవాడు.

ఇక లేవండి, పొయ్యి మీద పప్పు చూసుకోండి. మీ ఇంటి ఆడపిల్లల చేతులు ఎప్పుడూ గలగలలాడాలి. దారాలు తెగినా పోయినా, ఆ చేతుల కొలత మీ ఇంటి పెద్దవాళ్ల వేళ్లకు గుర్తుండాలి.