ఉపాధ్యక్షుడి ఫొటో వెడల్పు

బ్రౌజర్ల అలకలు తీర్చడమే వృత్తిగా బతుకుతున్న కరీంనగర్ అలేఖ్య, విత్తన వ్యాపారుల సంఘానికి వెబ్‌సైట్ కట్టింది. అన్ని ఫోన్లలోనూ అధ్యక్షుల ఫొటోయే పెద్దది. ఒక్క అధ్యక్షుల ఫోన్‌లోని పాత బ్రౌజర్ మాత్రం ఉపాధ్యక్షుడు పరశురాములును రెండింతలు సాగదీసి చూపించింది.

"గా బ్రౌజర్ ఎవలి మనిషి బిడ్డా?" అన్నారు అధ్యక్షులు ప్రేమ్‌సాగర్‌రావు గంభీరంగా.

"ఎవలి మనిషి కాదు సార్, దాంట్ల బగ్ ఉంది."

"బగ్గుకు పరశురాములే దొరికిండా? రేపు ప్రారంభం. సక్కగ కాకుంటే గీ పని ఇంకొకలకిస్త."

ఒక్క వరుస కోడ్‌తో ఫొటోలు రెండూ కుదుటపడేవి. అలేఖ్య లోకజ్ఞానం కలది గనుక, సాగే భాగ్యాన్ని అధ్యక్షులకు బదిలీ చేసింది.

మర్నాడు జొన్నరొట్టెలా పరుచుకున్న తన ముఖాన్ని అధ్యక్షులు తృప్తిగా చూసుకున్నారు.

"గిప్పుడు అచ్చం నా లెక్కనే ఉన్న."