పులి ముందు చింతపిక్క

మా బావ పోయాడు. మొన్న గురువారం సాయంత్రం రేవు నుంచి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, ట్వంటే ఊరి మట్టికుండలో నీళ్ళు చెంబుడు తాగి, వసారాలో గోడకు చేరగిలబడ్డాడు. మా చెల్లెలు అన్నానికి పిలిస్తే పలకలేదు. అంతే. రోగం లేదు, రొష్టు లేదు. చిమిండైంగ్ బజారు పక్క మన తెలుగువాళ్ళందరికీ తెలిసిన మనిషి కనక ఆయన గురించి నాలుగు ముక్కలు రాస్తున్నాను. నాకు చదువు తక్కువ. ఈ బర్మాలో ఓడ దిగిన తరవాత, మీసాలొచ్చాక అక్షరాలు దిద్దినవాణ్ణి. దిద్దించినవాడు కూడా ఆయనే. తప్పులుంటే అచ్చు వేసేవారు సరిచేసుకోవచ్చు గాని మాట మాత్రం మార్చకూడదు.

ఇద్దరం రేవులో మేస్త్రీలమే. ఆయన ముఠా వేరు, నా ముఠా వేరు. పని మీద మేం ఏనాడూ మాటా మాటా అనుకోలేదు. మా పోట్లాటంతా ఫుట్‌బాలు మీదే.

కాలేజీ జట్టంటే మా వీధికి పిచ్చి. ఎందుకుండదు? బావ ఒక్కగానొక్క కొడుకు, నా మేనల్లుడు, అందులో సెంటర్ ఆడేవాడు. బస్తాలు మోసిన కొంపల్లోంచి కాలేజీ గడప తొక్కినవాడు వాడొక్కడే. ఆటకు ముందు రోజు సాయంత్రం అందరం బావ వసారాలో చేరేవాళ్ళం. అక్కడ చెక్క మీద మేకుతో గీసిన పులిజూదం గీతలుండేవి. ఆ గీతల మీద మర్నాటి ఆట పరిచేవాడు బావ. ఎదుటివాళ్ళ బ్యాకులు పులులు, వాళ్ళకు గులకరాళ్ళు. మనవాళ్ళు మేకలు, వాళ్ళకు చింతపిక్కలు. ఫుట్‌బాలును పులిజూదంతో కొలిచేవాడు లోకంలో ఇంకొకడున్నాడో లేడో నాకు తెలీదు.

ఆలోచన చేస్తున్నంతసేపూ పిక్క ఒకటి చెక్క మీద రుద్దుతూ ఉండేవాడు. ఎవడైనా తెలివితక్కువ ఎత్తు చెప్పాడా, ఆ రుద్దుడికి కాలిన పిక్క వాడి మోకాలికి అంటించేవాడు. ఆ వాత నేను తిన్నన్ని సార్లు ఇంకెవడూ తినలేదు. అయినా నా ఎత్తే మంచిదని ఇప్పటికీ అంటాను.

నాలుగు వానాకాలాల కిందట పటాలం జట్టుతో ఆట పడింది. వాళ్ళు బూట్లవాళ్ళు, మనవాళ్ళు ఉత్తికాళ్ళవాళ్ళు. అంతకు ముందేడు ఆటలో ఆ బూటు తగిలే ఒక ఒడియా కుర్రవాడు మంచం పట్టాడు. ఆ సాయంత్రం వసారా కిక్కిరిసిపోయింది. మేనల్లుడు కూడా వచ్చి ఓ మూల కూచున్నాడు.

"గుంటడు బంతి అట్టుకోగానే దూరం నుంచే గోలుకి కొట్టీడమే. ఆ బూట్ల దగ్గిరికి ఎల్లనే కూడదు" అన్నాను.

"దూరం నుంచి కొడితే ఆళ్ళ గోలీ నిద్దరోతాడేటి?" అన్నాడు బావ.

"అయితే ఏటి సెయ్యమంటావు?"

బావ ఒక పిక్క తీసి రెండు గులకరాళ్ళకు ఎదురుగా పెట్టాడు. "ఈడు బంతితో తిన్నగా పులుల నోటికే ఎల్లాలి. రెండు పులులూ ఈడి మీదకే దూకుతాయి. దూకినప్పుడు బంతి ఎడం కొసకి తోసీడమే. అక్కడ బర్మా గుంటడు ఖాళీగా ఉంటాడు. మేకని ఒగ్గకపోతే పులి కట్టుబడదు బామ్మర్దీ."

పక్కింటి దర్జీ కలగజేసుకున్నాడు. "సోజర్లు పులులేటి మేస్త్రీ! దున్నపోతులు. దున్నపోతులకి పులిజూదం తెలుస్తాదేటి?"

అందరూ గొల్లుమన్నారు. నాకు నవ్వు రాలేదు.

"బావా, ఆ పిక్క ఎవుడో సూసుకున్నావా?" అన్నాను.

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. మా చెల్లెలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"సూసినాను" అన్నాడు.

"పులి తినీస్తే?"

"తింటే పిక్క పక్కన ఎడతాం. మిగిలినయ్యి ఆడతాయి."

"అది పులిజూదంలో! ఈ పిక్కకి ఎముకలున్నాయి!"

బావ తలెత్తలేదు. "పోయినేడు ఇదే సోట ఒడియా గుంటడు ఆడినప్పుడు నాను ఇదే ఎత్తు సెప్పినాను. అప్పుడు నువ్వు తలూపినావు. ఆడు ఎవుడికీ కొడుకు కాడేటి?"

మేనల్లుడు ఆ పిక్కని చూస్తూ కూచున్నాడు.

మర్నాడు వాన. మైదానం బురద. హద్దు తాడు పక్కన నేనూ బావా ఒకే గొడుగు కింద నిలబడ్డాం. మేనల్లుడు మొదట నా ఎత్తే ఆడాడు. రెండుసార్లు దూరం నుంచి కొట్టాడు. రెండుసార్లూ గోలీ పట్టేశాడు. సగం ఆట అయిపోయింది. బావ పిక్క ఒకటి గుప్పిట్లో పెట్టుకుని బిగిస్తున్నాడు.

ఆట ఆఖరికొచ్చింది. మేనల్లుడి కాలికి బంతి దొరికింది. "కొట్టీరా!" అని అరిచాను. వాడు కొట్టలేదు. తిన్నగా ఆ ఇద్దరి మీదకే వెళ్ళాడు. ఇద్దరూ దూకారు. బంతి ఎడమ కొసకు జారింది. గోలు పడింది. మైదానమంతా ఎగిరింది. ఆ గోలు మా ఇద్దరికీ కనబడలేదు. బురదలో పడ్డవాడు లేవడం లేదు, మేం వాణ్ణే చూస్తున్నాం.

బావ తాడు కిందనుంచి దూరి పరుగెత్తాడు. కొడుకుని భుజానికెత్తుకున్నాడు. నేను గొడుగు పట్టాను. వైద్యుడు కట్టు కట్టాక అలాగే ఇంటికి మోసుకొచ్చాడు. గుమ్మంలో మా చెల్లెలు ఒకటే అడిగింది. "పులి నోట్లోకి ఎల్లమన్నదెవుడు?"

ఆట అన్నాక దెబ్బలు తగులుతాయి అనొచ్చు. వాడే వెళ్ళాడు అనొచ్చు. చుట్టూ మేమంతా ఉన్నాం, మా మీద పంచేయొచ్చు.

"నానే" అన్నాడు మా బావ.

ఎముక అతికింది గాని కాలు వంగలేదు. వాడి ఆట ఆ రోజుతో సరి. ఆ వానాకాలమంతా నేను బావతో మాట్లాడలేదు. వానలు వెనకబట్టాక ఒక రోజు ఆయనే వచ్చి నా మెట్టు మీద కూచున్నాడు.

"నీ ఎత్తు ఆడుంటే గెలిసీవోళ్ళమేటి?"

"లేదు."

"మరేటయ్యేది?"

"ఓడిపోయి ఇంటికి నడిసి వచ్చీవోడు."

బావ లేచి నిలబడ్డాడు. "అదీ ఎత్తే" అన్నాడు.

మళ్ళీ వసారాలో చేరాం. మళ్ళీ వాతలు తిన్నాను. ఒక్కటే మారింది. పిక్కలన్నీ తనే పరిచి, సెంటర్ పిక్క మాత్రం నా అరచేతిలో పెట్టేవాడు. "ఇది నువ్వెట్టు" అనేవాడు. ఆ తరవాత ఆ పిక్క తన చేత్తో ఎన్నడూ పెట్టలేదు. నేను వెనక పెడితే వెనకే. ముందుకు జరపమని అడగలేదు. రేవులో ఎంత గట్టి మేస్త్రీయో మీకు తెలుసు. ఇది కూడా తెలియాలని రాశాను.

నిన్న సాయంత్రం అలవాటు కొద్దీ నలుగురం వసారాలో చేరాం. ఇవాళ మళ్ళీ కాలేజీకీ పటాలానికీ ఆట. నేనే రాళ్ళు పెట్టాను, పిక్కలు పరిచాను. సెంటర్ పిక్క చేతిలో మిగిలింది. మేనల్లుడు వచ్చి, వంగని కాలు చాపుకుని, తండ్రి చోట కూచున్నాడు.

"ఆ రోజు నాను నాన్న సెప్పినాడని ఎల్లలేదు మావా. నీ ఎత్తు రెండుసార్లు ఆడినాను కదా. మూడోసారి ఖాళీ అక్కడే కనబడింది."

"మీ నాన్నకి సెప్పినావా?"

"శానాసార్లు. నమ్మలేదు."

నా చేతిలోంచి పిక్క తీసుకున్నాడు. గీతలు చూస్తూ చెక్క మీద రుద్దాడు, చాలాసేపు. తరవాత దాన్ని రెండు పులులకూ ఎదురుగా పెట్టాడు.

"తీసీరా. ఎనక్కెట్టు" అన్నాను.

తియ్యలేదు. నేనే తీద్దామని దాని మీద వేలు పెట్టాను. సుర్రుమంది.