తీగ లేని మైకు

అది 1987 జనవరి, రెండో సోమవారం. క్లాటెన్ పట్నం చుట్టుపక్కల పల్లెల్లో ఆరు రోజులుగా ముసురు విడవలేదు. పొగాకు గోదాములో బేళ్ళు సైతం చెమ్మగిల్లి పుల్లని వాసన కొడుతున్నాయి. ఆ గోదాములో తూకం గుమాస్తా అయిన పర్తోయో ఇంటికి వచ్చి, రెబాబు గవిసెన విప్పగానే ముక్కు మూసుకున్నాడు.

రెబాబు రెండు తీగల వాద్యం. నేలమీద నిలబెట్టి కమానుతో వాయిస్తారు. మేళంలో కంచు గంటలన్నింటికీ దారి చూపేది అదే. దాని పొట్టమీద కప్పేది మాత్రం గేదె మూత్రాశయపు పొర. ఎండ కాస్తే అది నిండుగా పలుకుతుంది. వాన పడితే తడిగుడ్డలా జారి, బూజు పట్టి, కంపు కొడుతుంది. అంత సుకుమారమైన నాదాన్ని అంత రోత వస్తువులోంచి పుట్టించాలని మొదట తలచినవాడెవడో గాని, వాడికి ముక్కు ఉండి ఉండదు.

పర్తోయో తండ్రి జన్మంతా తమ ఊరి మేళానికి గంటలు మోశాడే గాని, ఏనాడూ వాద్యకారుల చాపమీద కూర్చోలేదు. అందుకే పర్తోయో నలభై అయిదో ఏట రెబాబు పట్టాడు. మూడు వారాల్లో రాబోయే ఊరి శుద్ధి వేడుకలో ఒక్క పాటకైనా ఎత్తుగడ తన చేతిమీదుగా జరగాలన్నది అతని పంతం.

వయసు ముదిరాక విద్య మొదలుపెట్టినవాడికి ఒక శాపముంది: వేళ్ళకంటే ముందు చెవికి చదువొస్తుంది. తన స్వరం జారుతోందని పర్తోయో చెవి రోజూ చెబుతూనే ఉంది. కాని గురువు పాక్ సోమో, అంటే సోమో అయ్యగారు, బాగుందంటాడు, మేళమంతా బాగుందంటుంది. పిల్లలు తప్పు వాయిస్తే గురువు వాళ్ళ వేళ్ళమీద వెదురుపుల్లతో కొడతాడు. పెళ్ళాం పిల్లలున్న మగవాణ్ణి నలుగురిలో తప్పుపట్టడం ఆ ఊరి మర్యాద కాదు. ఈ సంగతి పర్తోయోకు పుట్టినప్పటినుంచీ తెలుసు. తెలిసీ, ఆ మెచ్చుకోలు తన దాకా వచ్చేసరికి నిజమని నమ్మాడు.

ఆ సాయంత్రం గురువు ఇంట్లో సాధనకు లౌడ్‌స్పీకర్లు తెప్పించారు. పర్తోయో ముందు ప్రత్యేకంగా ఒక మైకు నిలబెట్టారు. అతడు పొంగిపోయి వాయించాడు. విరామంలో చేతికంటిన బూజు కడుక్కోవడానికి పెరటి బావి దగ్గరికి వెళ్తే, వంటింట్లోంచి మాటలు వినబడ్డాయి.

"ఏంటి పాక్ విర్యో, ఆ పిల్లి ఇవాళే ఈనుతుందా ఏంటి?" అంది వంటమనిషి తూమీ.

"మెల్లగా అక్కా! వింటాడు," అన్నాడు మద్దెల వాయించే విర్యో.

"రెండేళ్ళుగా వినని మనిషి ఇప్పుడు వింటాడా? పండగనాడు మైకులో ఇదే మోగితే ఊరు శుద్ధి కాదు, ఊరు ఖాళీ!"

"ఆ మైకు ఉత్త గౌరవానికే అక్కా. దాని తీగ చాప కింద చుట్టిపెట్టాం. ఎత్తుగడకి గిన్నెగంటలవాడికి నేను సైగ చేస్తాగా."

పర్తోయో లోపలికి వచ్చి చాప ఎత్తి చూశాడు. తీగ చక్కగా చుట్ట చుట్టి, పైన పొందికైన ముడి వేసి ఉంది. ఆ ముడిలోని శ్రద్ధ అతనికి రోతగా తోచింది. వాళ్ళమీదకంటే, చెవి చెప్పిన నిజాన్ని కాదని పొగడ్త మింగిన తనమీదే ఎక్కువ రోత పుట్టింది.

"గురువుగారూ, నా వాయింపు ఎలా ఉంది?"

"బాగుంది పర్తోయోగారూ. ఇంకొంచెం వేళ్ళు అలవాటు పడితే..."

"నా చేతిమీద కొట్టండి."

"అయ్యయ్యో, మీ అంతటివారినా! ముందు టీ తాగండి, చల్లారిపోతోంది."

"తాగను. అందులోనూ చక్కెరే పోసుంటారు."

టీ ముట్టకుండా గడప దాటిన మనిషిని ఆ ఊరు అదివరకు చూడలేదు. వేడుకకూ అతడు వెళ్ళలేదు. ఆ ఏడే బదిలీ అడిగి వెళ్ళిపోయాడు. ఎనిమిదేళ్ళకు పాక్ సోమోకు ఈ ఉత్తరం వచ్చింది:

"గురువుగారికి నమస్కారాలు. ఇక్కడ వొనొగిరిలో సాగియెమ్ అనే ముసలమ్మ దగ్గర నేర్చుకుంటున్నాను. మొదటిరోజే 'ఇవి వేళ్ళా, చచ్చిన బల్లులా?' అంది. మూడేళ్ళు ఒకే పాట వాయించాను. నిరుడు ఇక్కడి ఊరి శుద్ధిలో ఎత్తుగడ నాదే. రెండో వరుసలో స్వరం జారింది, ఊరంతా విన్నది. ఒక పెద్దాయన నా ముందుకొచ్చి 'ఛీ' అన్నాడు. ఆయన పక్కనే కూర్చుని భోంచేశాను. మీ మెచ్చుకోలు గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ నోరు చేదెక్కుతుంది. ఈ మాట ఎదుటపడి అనలేక ఉత్తరం రాస్తున్నాను. ఆ మేరకు నేనూ మన ఊరివాణ్ణే. పర్తోయో."