ఎక్కని పడవలో వాటా

అమెరికాలో పేరుమోసిన ఒక లా ఫర్మ్ పైసా తీసుకోకుండా కేసు నడుపుతామని ముందుకొస్తే, వాళ్ళను నాలుగు నెలలు గుమ్మం బయట నిలబెట్టిన అడ్వొకేటు శ్రీకాకుళం జిల్లా మొత్తానికి నేనొక్కదాన్నే. ఆ నాలుగు నెలలూ బేరంలో నాదే పైచేయి అని నమ్మాను కూడా. మీలో ఎవరికైనా ఇంతకన్నా ఘనకార్యం ఉంటే చెప్పండి, కుర్చీ ఖాళీ చేస్తాను.

ఇది 2022 నాటి మాట. పలాస కోర్టులో నా ప్రాక్టీసు. కాశీబుగ్గ బజారులో నాన్న కిరాణా కొట్టు మీది గది నా ఆఫీసు. కింద ఆయన బెల్లం తూస్తుంటే పైన నేను నోటరీ ముద్రలు వేస్తుంటాను. జీడితోటల హద్దులు, చెల్లని చెక్కులు, భరణాలు, ఇవే నా కేసులు. సముద్రం సంగతి నాకు తెలియదు. చేప ముల్లు తీసుకోవడం కూడా సరిగా రాదు.

అలాంటి నా దగ్గరికి ధనరాజు కర్ర పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ఉద్దానం తీరంలో వేట మీద బతికే ఊరు వాళ్ళది. విశాఖలో ఒక ఏజెంటు ద్వారా సరుకు ఓడలో పనికి వెళ్ళాడు. అమెరికా రేవులో ఓడను కడుతుండగా మోకు తెగి మోకాలికి కొట్టింది. అక్కడి ఆస్పత్రిలో రాడ్లు వేసి ఇంటికి పంపారు. రెండో ఆపరేషన్ చేయకపోతే ఎముక వంకరగా అతుక్కుంటుందని విశాఖ డాక్టరు చెప్పాడు. దానికి డబ్బు ఓడ యజమాని పెట్టాలి. యజమాని ఒక దేశంలో, ఓడ మీది జెండా ఇంకో దేశానిది, ఏజెంటు ఫోను ఎప్పుడూ స్విచాఫ్.

ఆస్పత్రిలో ఉన్నప్పుడు, ఓడ కార్మికులను పలకరించడానికి వచ్చే ఒకావిడ ఇతని సంగతి ఆ లా ఫర్మ్‌కు చెప్పిందట. వాళ్ళు ధనరాజు ఫోనుకు ఎంగేజ్‌మెంట్ లెటర్ పంపారు. మన దగ్గర వకాల్తా మీద సంతకం పడితే చాలు, పని మొదలు. వాళ్ళకు అంతకన్నా ముందు ఈ ఉత్తరం ఉండాలి. ఏం చేస్తాం, ఏం చేయం, ఖర్చు ఎవరిది, ఎప్పుడు తప్పుకుంటాం, అన్నీ అందులో రాసి ఉంటాయి. ఫీజు దగ్గర మాత్రం 'ప్రో బోనో' అని ఉంది. అంటే ఫీజు లేకుండా, లోకం మేలు కోసం అని.

"ఏటంటన్నారమ్మా ఆలు?" అన్నాడు ధనరాజు.

"ఫీజు వద్దంటన్నారు."

"మంచిదే గదా."

"నువ్వూరుకో ధనరాజూ. ఆ మాట ఎనక ఏటుందో సూడొద్దా?"

మా కొట్టులో గ్లాసు ఉచితం అంటే టీ పొడి ధరలో గ్లాసు ఖరీదు కలిసిందని లెక్క. పైగా ఆ ఫర్మ్ వెబ్‌సైటు తెరిస్తే వాళ్ళ పెద్ద క్లయింట్లు బ్యాంకులు, ఓడల కంపెనీలు! ఓడల వాళ్ళ డబ్బుతో బతికేవాళ్ళు ఓడ మీద కేసు వేస్తారా? అందుకని నా తెలివినంతా కూడగట్టి మెయిల్ రాశాను: అసలు శాతం ఎంతో చెప్పండి, పది శాతం దాకా మా క్లయింటు ఆలోచిస్తాడు. శాతమేమీ లేదని జవాబు వచ్చింది. అంటే పదికి ఒప్పుకోలేదన్నమాట. నాన్నను అడిగాను.

"ధర సెప్పనోడితో బేరమేటి? కొట్టు దిగిపోయొచ్చీ. ఎనక నుంచి పిలుత్తాడు," అన్నాడు నాన్న, చింతపండు చిదుపుతూ.

దిగిపోయాను. అంటే జవాబివ్వడం మానేశాను. వారాలు నెలలయ్యాయి. పిలుపు రాలేదు. గట్టి బేరగాడే అనుకున్నాను. చివరికి ఒక మెయిల్ వచ్చింది: మీ మౌనాన్ని మీ నిర్ణయంగా గౌరవిస్తున్నాం, ఫైలు మూసేస్తున్నాం, ధనరాజు గారు కోలుకోవాలని కోరుకుంటున్నాం. వద్దన్న క్లయింటు వెంటపడి పిలవడం వాళ్ళ వృత్తిలో తప్పట. అది నాకు తరవాత తెలిసింది. కొట్టు దిగిన గిరాకీని ఎవరూ వెనక్కి పిలవని బజారు ఈ భూమ్మీద ఒకటుందని నాకెవరు చెప్పారు?

సరిగ్గా ఆ వారమే విశాఖ ఏజెంటు ఫోను పనిచేయడం మొదలుపెట్టింది. అతను ధనరాజుకు ఒక రిలీజ్ పంపాడు. అంటే ఇంత తీసుకున్నాను, ఇక ఎవరినీ ఏమీ అడగను అని రాసిచ్చే కాగితం. ఇస్తామన్న డబ్బు ఆపరేషన్‌లో సగానికి కూడా సరిపోదు.

"సంతకం ఎట్టీమంటారా అమ్మా? కాలు రోజురోజుకీ బిగుసుకుపోతంది. ఏదో ఒకటి సెప్పండి," అన్నాడు ధనరాజు. మెట్లు ఎక్కలేక నాన్న కొట్టులో బస్తా మీద కూర్చున్నాడు.

అప్పుడు భయం వేసింది. నేను బేరమాడుతున్నది నా సరుకుతో కాదు, అతని మోకాలితో. ఆ రోజే రాశాను: తప్పు నాది, క్లయింటుది కాదు, కేసు ఇంకా తీసుకుంటారా? తెల్లారేసరికి జవాబు ఉంది. తీసుకుంటాం, అతన్ని దేని మీదా సంతకం చేయనివ్వకండి.

రాసింది రేచల్. ఆ ఫర్మ్‌లో అసోసియేట్, అంటే భాగస్వామి హోదా ఇంకా రాని జీతం లాయరు. నాకన్నా పదేళ్ళు చిన్నది. మొదటిసారి ఫోనులో మాట్లాడినప్పుడు తను అడిగిన మొదటి ప్రశ్న: "మీరు పది శాతం ఎందుకు ఇవ్వబోయారు?"

"మీరు ఇరవై అడుగుతారని."

ఆ పిల్ల నవ్వు ఆగడానికి కాసేపు పట్టింది.

తరవాత ఫర్మ్ కథ చెప్పింది. పేరులో నాలుగు పేర్లు ఉంటాయి, నలుగురూ ఎప్పుడో పోయారు. మొదట ఇద్దరు కుర్ర లాయర్లు రేవు దగ్గర తాళ్ళూ తెరచాపలూ అమ్మే కొట్టు మీద గది అద్దెకు తీసుకుని మొదలుపెట్టారట. కొట్టు మీది గది అనగానే నాకు వాళ్ళ మీద సగం అనుమానం పోయింది. ఇప్పుడు ఊరూరా ఆఫీసులు, వందల మంది లాయర్లు. ఎంత పెద్ద పార్టనరైనా ఏటా కొన్ని గంటలు ఫీజు ఇచ్చుకోలేని వాళ్ళకు పనిచేయాలన్నది వాళ్ళ కట్టుబాటు.

మిగతా సగం అనుమానం కాన్‌ఫ్లిక్ట్ చెక్‌తో పోయింది. కేసు తీసుకునే ముందు అవతలి పార్టీ పేర్లన్నీ తమ క్లయింట్ల పేర్లతో సరిచూసుకుంటారు. ఒక్క పేరు కలిసినా కేసు వదులుకోవాలి. ఈ ఓడ యజమాని వాళ్ళ క్లయింటు కాదని తేలాకే ఎంగేజ్‌మెంట్ లెటర్ పంపారట. మా దగ్గర జీడిపిక్కల బ్రోకరు అమ్మేవాడి దగ్గరా కొనేవాడి దగ్గరా కమిషన్ తీసుకుని ఇద్దరి ఇళ్ళల్లోనూ భోంచేస్తాడు. ఆ చెక్ ఇక్కడ పెడితే బజారు మూతపడుతుంది.

ఇంకో పద్ధతి చూసి మాత్రం కళ్ళు తిరిగాయి. లాయరు పనిని ఆరేసి నిమిషాల ముక్కలుగా రాసుకోవాలి. ఫోను మాట్లాడినా, మెయిల్ చదివినా, ఒక ముక్క. ఫీజు లేని కేసుకు కూడా అంతే. ఇక్కడి పనికి నన్ను లోకల్ కౌన్సెల్‌గా పెట్టుకుని, నన్నూ అలాగే రాయమన్నారు. మొదటి రోజు పేజీలో టీ తాగిన ముక్కలు కూడా కలిపాను. రేచల్ మర్యాదగా కొట్టేసింది.

కేసు ఆధారపడ్డ సూత్రం పాతది. దాన్ని మెయింటెనెన్స్ అండ్ క్యూర్ అంటారు. ఓడ పనిలో ఉన్న మనిషికి జబ్బు చేసినా దెబ్బ తగిలినా, తప్పెవరిదైనా సరే, బాగయ్యేదాకా తిండి, వైద్యం ఖర్చు ఓడదే. బాగయ్యాడని తేలిన రోజున ఆగిపోతుంది. కాబట్టి అవతలి వాళ్ళ ప్రయత్నమంతా ధనరాజు బాగయ్యాడని, పనిచేసుకుంటున్నాడని చూపించడమే.

అందుకే డిపోజిషన్ పెట్టారు. కోర్టుకు ముందే అవతలి లాయరు సాక్షిని ప్రమాణం మీద అడిగే ప్రశ్నలవి, ప్రతి మాటా రికార్డవుతుంది. వీడియో కోసం టెక్కలిలో ఒక హోటలు మీటింగు హాలు తీసుకున్నాం. తెర మీద రేచల్, అవతలి లాయరు, తెలుగు దుబాసీ. ఇవతల ధనరాజు, పక్కన నేను. అతన్ని ఆటోలో తీసుకొచ్చిన మేనమామ కూర్మయ్య కింద టీ బడ్డీ దగ్గర ఉన్నాడు. ఊళ్ళో వాళ్ళవాళ్ళు వేటకెళ్ళే పడవ ఆయనదే.

అవతలి లాయరు పెద్దమనిషి, గొంతు ఎత్తడు. చాలా ప్రశ్నల తరవాత మామూలుగా అడిగాడు.

"ఊరికి వచ్చాక వేట మీద మీకు డబ్బు వస్తోందా?"

"వత్తంది బాబూ."

"ఎప్పుడెప్పుడు?"

"పడవ ఒడ్డుకొచ్చినప్పుడల్లా. నిన్న కూడా ఒచ్చింది."

"ఎంత?"

ధనరాజు నిటారుగా కూర్చున్నాడు. "అందరితో సమానం. ఒక మడిసి వాటా."

దుబాసీ ఇంగ్లీషులో చెప్పడం పూర్తికాగానే ఆయన, థాంక్యూ, ఇక నా ప్రశ్నలు లేవు, అని ఫైలు మూశాడు. తెర మీద రేచల్ ముఖం చూడలేకపోయాను. పదిహేను నిమిషాలు విరామం అడిగింది.

నా చెయ్యి ధనరాజు భుజం మీద పడబోతుండగా రేచల్ నుంచి ఫోను: "సాక్షితో ఒక్క మాట కూడా మాట్లాడకండి." మా కోర్టు వరండాలో సాక్షికి చివరి మెట్టు దాకా పాఠం చెబుతూనే ఉంటాం. వాళ్ళ దగ్గర ప్రమాణం మీదున్న సాక్షికి మధ్యలో ఏమీ చెప్పకూడదట. సాక్షి కానివాడు ఒకడున్నాడు కదా అని కిందికి పరుగెత్తాను.

"కూర్మయ్య మావా, ధనరాజు వేటకెళ్తన్నాడా?"

"ఏ కాలితో ఎల్తాడు లాయరమ్మా? పడవలోకి కాలెత్తనేడు."

"మరి వాటా ఏటి?"

"దెబ్బ తగిలినోడికి వాటా తియ్యాపోతే ఎలాగ? మళ్ళీ పడవెక్కినదాకా తీత్తాం. ఎప్పట్నుంచో అంతే."

"మీ పడవలో తగల్లేదు గదా. అమెరికాలో తగిలింది."

"సముద్రం ఏదైతేనేటమ్మా, కుర్రోడు మనోడు."

"ఈ మాట నాకెందుకు సెప్పలేదు?"

"మీరడగనేదు." టీ గ్లాసు కింద పెట్టి గొంతు తగ్గించాడు. "అదీ గాక, పైకి అనుకోకూడదు. కూకోబెట్టి పెడతన్నారని ఎవులైనా అంటే ఆడు ముద్ద మింగనేడు. అందుకే ఆడి వాటా ఆడికి ఒచ్చిందంటాం, అంతే."

రేచల్‌కు ఫోను చేసి చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుంది. "మా చట్టం చెప్పేదీ ఇదే," అంది చివరికి.

విరామం అయ్యాక రీడైరెక్ట్. అవతలి వాళ్ళ ప్రశ్నల తరవాత మన వైపు లాయరు మళ్ళీ అడిగే అవకాశం అది. రేచల్ అడిగింది.

"ఊరికి వచ్చాక మీరు ఆ పడవ ఎక్కారా?"

"లేదమ్మా. కాలు వంగదు గదా."

"ఎక్కకుండానే వాటా ఎందుకిస్తున్నారు?"

ధనరాజుకు ప్రశ్న అర్థం కాలేదు. నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. మళ్ళీ తెర వైపు తిరిగి అన్నాడు:

"ఎందుకియ్యరు?"

దుబాసీ ఆ రెండు మాటలనూ నెమ్మదిగా ఇంగ్లీషులో పెట్టాడు.

"ఎప్పటిదాకా ఇస్తారు?"

"బాగయినదాకా."

అవతలి పెద్దమనిషి మూసిన ఫైలు మళ్ళీ తెరిచి ఏదో రాసుకున్నాడు.

ఆ తరవాత పడవలోని వాళ్ళందరి అఫిడవిట్లు, అంటే ప్రమాణ పత్రాలు, నేను ఇసుకలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని తీసుకున్నాను. వలలు ఆరబెట్టుకుంటూ, ఇందులో రాసుకోవడానికేముందని నన్ను చూసి నవ్వారు. వాటిని చదివిన అవతలి వాళ్ళు కోర్టు మెట్లెక్కకుండానే రాజీకి వచ్చారు. ఆపరేషన్ ఖర్చు, ఇన్నాళ్ళ తిండి ఖర్చు, కాలికి పరిహారం, అన్నీ ఇచ్చారు.

నేను ధనరాజు దగ్గర కాంట్రాక్టు అడిగాను, ఎక్స్‌రేలు అడిగాను, పాస్‌పోర్టు అడిగాను. ఇన్ని నెలలు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతోందని అడగలేదు. ఇప్పుడు ఏ కేసైనా నా మొదటి ప్రశ్న అదే. కాగితాలు ఆ తరవాత.

ధనరాజు ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తాడు. మోకాలు పూర్తిగా వంగదు, కూర్చుని వల లాగలేడు. నిలబడి ఇంజను నడుపుతాడు. మొన్న పడవలో ఇంకొకడికి జ్వరం వస్తే, ఒడ్డున చేపలు అమ్మిన డబ్బులోంచి వాడి వాటా తీసి ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చింది ఇతనే.

కేసు ముగిశాక ఫర్మ్ తన బిల్లు పంపింది. ఎవరెవరు ఏ పని ఎన్ని ముక్కలు చేశారో పేజీల నిండా ఉంది. కట్టవలసినది సున్నా. నన్నూ ఇక్కడి పనికి బిల్లు పంపమన్నారు, వాళ్ళే కడతారట. మీటింగు హాలు, ప్రయాణాలు, నోటరీ ఫీజులు ఖర్చయినంతే వేశాను. అఫిడవిట్ల రోజులు వేశాను. పది శాతం మెయిలుకు పట్టిన గంటలు వేయలేదు. ఇక నాలుగు నెలల ఆలస్యం. ఆపరేషన్ ముందే జరిగి ఉంటే మోకాలు ఇంకొంచెం వంగేదా అని డాక్టరును అడిగాను. వంగేదేమో, వంగేది కాదేమో, చెప్పలేనన్నాడు. చెప్పలేనిదానికి ఏం వేయాలో బిల్లులో గడి లేదు. అందుకని అన్నిటి కిందా 'అడ్వొకేటు ఫీజులో సగం తగ్గింపు' అని ఒక వరుస నేనే కలిపాను. నన్నెవరూ బేరమాడలేదు.